పెసల్లో పుచ్చు, బియ్యంలో ముక్కు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో "పురుగంటే పురుగేగా, ఏదైనా ఎండలో పోస్తే సరి" అని తేల్చి పారేశావే, అప్పట్నుంచీ నీకు రాయాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. బియ్యంలో వచ్చేదీ పెసల్లో వచ్చేదీ ఒకటి కాదురా నాయనా.

అమ్మ ఊరినుంచి పంపిన 5 కిలోల పెసలు డబ్బాలో పోసి, గట్టిగా మూత పెట్టి, మర్చిపోయాను. రెండు నెలలకి తీసి చూస్తే అడుగున అంతా పిండి. గుప్పెడు చేతిలో పోసుకున్నాను. గింజ గింజకీ తెల్లటి చుక్కలు, సూదిమొనతో సున్నం పెట్టినట్టు. అవి గుడ్లు! పుచ్చు పురుగు గుడ్డుని గింజ పైనే అంటిస్తుంది. పిల్ల ఆ గుడ్డు కిందనుంచే లోపలికి తొలుచుకుపోతూ, రాలిన పొడిని వెనక్కి పెంకులోకి నెడుతుంది. చుక్క అంత తెల్లగా ఉండేది అందుకే. లోపలంతా తినేసి, ఒకచోట పైతొక్క మాత్రం గుండ్రంగా వదిలేస్తుంది. పెద్దయ్యాక దాన్ని మూతలా నెట్టుకుని బయటపడుతుంది. ఒక గింజని సీసాలో పెట్టి కాపలా కాస్తుంటే మా ఆవిడ "ఆఫీసు పని కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరు" అంది.

తమాషా ఏంటంటే, బయటికొచ్చాక అది గింజ ముట్టదు. ఓ రెండు వారాలు బతికి, గుడ్లు పెట్టేసి పోతుంది.

బియ్యంలో ముక్కు పురుగు అలా కాదు, మహా గడుసుది. ముక్కు చివరి దవడలతో గింజకి చిల్లు పెట్టి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. కంటికి ఏమీ ఆనదు. నెలల తరబడి బతుకుతూ తనూ మేస్తుంది. వేలు తగిలిందో, కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది.

నీ ఎండ వైద్యానికి పైన తిరిగేవి నీడకి పారిపోతాయి సరే, గింజలో ఉన్నవి ఎక్కడికి పోతాయిరా? పైగా పుచ్చు పురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెడుతుంది, గింజతో పాటే ఇల్లు చేరుతుంది. నా గట్టి మూత అందుకే దండగైంది. "వచ్చిన వెంటనే కాస్త నూనె పట్టించాల్సింది, లేకపోతే పప్పు విసిరించుకోవాల్సింది" అని అమ్మ చివాట్లు పెట్టింది. బద్దలంటే ఆ పురుగుకి అంత ఇష్టం ఉండదట.

అమ్మ నీకు అలసందలు పంపిస్తోంది. సంచి విప్పగానే తెల్ల చుక్కలున్నాయేమో చూసి ఫోన్ చెయ్యి.

నీ
రాంబాబు