మన పెద్దల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువగా తిరిగింది ఒక స్కానింగ్ కోసమే

సభ్యులందరికీ నమస్కారం. లెక్కల సంగతి ముందే చెప్పేస్తాను. చందాలు, ఖర్చుల కాగితం సంఘం గదిలో నోటీసు బోర్డుకి అంటించాం, అనుమానం ఉంటే కోశాధికారి గారిని అడగండి. బీపీ, షుగర్ పరీక్షలు నెలనెలా జరిగాయి. గోదారి పొంగినప్పుడు లంకల్లో ఉన్న మనవాళ్లకి మందులు పడవ మీద పంపాం.

ఇక అసలు విషయం. మన సభ్యుల్లో ఒక మాస్టారికి నాలుగేళ్ల కిందట ప్రోస్టేట్ కేన్సర్‌కి ఆపరేషన్ అయింది. పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రోటీన్, ఆ గ్రంథి మొత్తం తీసేశాక అది రక్తంలో దాదాపు కనపడకూడదు. మాస్టారికి 0.08, తర్వాత 0.19, ఆ తర్వాత 0.34 వచ్చింది. 0.2కి చేరి, మళ్లీ చేయిస్తే కూడా తగ్గకపోతే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క. (ఆపరేషన్ లేకుండా రేడియేషన్ పెట్టించుకున్నవాళ్లకి వేరే లెక్క, వాళ్లకి అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె మీద 2 పెరగాలి.) ఈ అంకెలన్నీ ఆయన కేలండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసుకుని, ఇంట్లో అమ్మగారికి కూడా చెప్పకుండా బీరువాలో పంచెల కింద దాచుకున్నారు. నాకు చూపించిన రోజు నోట మాట రాలేదు.

మొదట వెళ్లిన చోట సీటీ, ఎముకల స్కాన్ తీసి ఏమీ లేదని పంపేశారు. పీఎస్ఏ ఇంత తక్కువలో ఉన్నప్పుడు ఆ రెండింటిలో మామూలుగా ఏమీ కనపడదు, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. ఈ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే అన్ని నెలలు పోయేవి కాదు.

తర్వాత చూసిన డాక్టరు గారు పీఎస్ఎంఏ పెట్ స్కాన్ రాశారు. ప్రోస్టేట్ కేన్సర్ కణాల మీద పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకునే మందుకి కాస్త రేడియోధార్మిక పదార్థం తగిలించి నరానికి ఎక్కిస్తారు, గంట ఆగి స్కాన్ తీస్తారు. ఆ పదార్థం గాలియం-68 అయితే 68 నిమిషాలకి సగం అయిపోతుంది, కాబట్టి చెప్పిన టైముకి అక్కడ ఉండి తీరాలి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి యానాం, కాకినాడ మీదుగా కత్తిపూడిలో హైవే ఎక్కి విశాఖపట్నం వెళ్లాం. దాళ్వా కోతల రోజులు, రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది, దారంతా టెన్షనే.

డాక్టరు గారు తెర మీద చూపించారు. దవడల దగ్గర లాలాజల గ్రంథులు, కిడ్నీలు, మూత్రాశయం భగ్గున వెలుగుతున్నాయి. మాస్టారు నా చెయ్యి పట్టేసుకున్నారు. "కంగారు పడకండి మాస్టారూ, అవి అందరికీ అలాగే వెలుగుతాయి" అని, కటి భాగంలో కుడి పక్కన పెసరగింజంత చుక్క మీద వేలు పెట్టారు. అది లింఫ్ గ్రంథి. ప్రోస్టేట్ తీసేసిన చోటికి మాత్రమే పెడదామనుకున్న రేడియేషన్‌ని ఆ చుక్క దాకా పెంచి, ఆరు నెలల హార్మోన్ ఇంజెక్షన్లు కలిపారు.

ఇలా స్కాన్ చూసి రేడియేషన్ ఎంతవరకు పెట్టాలో గీత గీయడం వల్ల ఉపయోగం ఉందా అని అమెరికాలో ఎమోరీ యూనివర్సిటీ వాళ్లు 165 మంది మీద చూశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు వాడింది ఫ్లూసిక్లోవిన్ అనే వేరే పెట్ మందు. మూడేళ్లకి జబ్బు మళ్లీ రాకుండా ఉన్నవాళ్లు మామూలు స్కాన్లతో వైద్యం చేసినవాళ్లలో 63 శాతం, పెట్ చూసి చేసినవాళ్లలో 75.5 శాతం.

ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. పీఎస్ఏ 0.5 లోపు ఉన్నప్పుడు పీఎస్ఎంఏ స్కాన్‌లో ఏదైనా కనపడింది 635 మందితో చేసిన ఒక పెద్ద పరిశీలనలో 38 శాతం మందికే. 5 దాటినవాళ్లలో 97 శాతం. అలాగని స్కాన్‌లో కనపడేదాకా పీఎస్ఏని పెరగనివ్వకూడదు, రేడియేషన్ తక్కువ అంకె దగ్గరే బాగా పనిచేస్తుంది. స్కాన్ ఖాళీగా వచ్చినా డాక్టరు రేడియేషన్ అంటే మానకండి.

వచ్చే ఏడాది నుంచి ఆపరేషన్ అయిన సభ్యుల పీఎస్ఏ కాగితాలు తేదీల వారీగా పెట్టుకోవడానికి సంఘమే ఫైలు ఇస్తుంది. విశాఖ దాకా వెళ్లాల్సి వస్తే తోడు మనిషిని పంపుతాం. మొహమాటపడకుండా చెప్పండి, రాత్రి పూటైనా సరే.

మాస్టారికి పోయిన నెల 0.03 వచ్చింది. ఇంజెక్షన్ల ప్రభావం పూర్తిగా పోయాక వచ్చే అంకే అసలు అంకె అన్నారు డాక్టరు గారు. మళ్లీ పరీక్ష వైశాఖంలో, ఈసారి అమ్మగారు కూడా వస్తున్నారు.

ఇట్లు,
కార్యదర్శి