తమ్ముడి వైద్యంలో మాకు తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

హనుమకొండలో నా తమ్ముడికి వైద్యం చేస్తున్న మానసిక వైద్యురాలికి, ఆమె రాసిన మందు తెగిపోకుండా అందిస్తున్న చౌరస్తా మందుల షాపు అన్నకు, ల్యాబు సిబ్బందికి, మా పక్కింటి అక్కకు అందరి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ్ముడికి స్కిజోఫ్రీనియా ఉంది, అంటే లేని గొంతులు వినిపించడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు. ఈ సంగతి బయటికి చెప్పడానికి అతడే ఒప్పుకున్నాడు, రాసింది చదివాడు కూడా.

ఏ మందు రాసినా అది చేసే మేలుతో పాటు చేయగల కీడును కూడా డాక్టరు గారు ముందే, తమ్ముడి ఎదుటే, దాచకుండా చెప్పారు. అందుకే ఆమెకు మేము ఎక్కువగా రుణపడి ఉన్నాము. హాలోపెరిడాల్ వంటి పాత తరం మందులతో ఒళ్లు బిగుసుకుపోవడం, చేతులు వణకడం ఎక్కువని, రెండో తరం మందులు మెదడులోని డోపమైన్ అనే రసాయనంతో పాటు సెరటోనిన్ అనే మరో రసాయనం మీద కూడా పనిచేస్తాయని, వాటితో ఆ బాధలు తగ్గినా బరువు, షుగరు, కొలెస్ట్రాల్ పెరగకుండా కనిపెట్టుకోవాలని ఓపికగా వివరించారు. మొదటి గోలీ వేయకముందే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగరు రాసిపెట్టారు. రెండో తరం మందులైన రిస్పెరిడోన్, దాని తర్వాత ఒలాంజపిన్ వాడుతున్నప్పుడు తమ్ముడి బరువు పెరిగితే, మేము భయపడి మందు ఆపకుండా ఆమె దగ్గరికే వెళ్లగలిగామంటే, ముందుగా విన్న ఆ మాటలే కారణం.

ఆ రెండు మందులూ తగిన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా చెవిలో వినిపించే గొంతులు పూర్తిగా పోలేదు. అప్పుడే ఆమె క్లోజపిన్ అనే మందు గురించి చెప్పారు. 1975లో ఫిన్లాండ్‌లో ఆ మందు వాడినవారిలో కొందరు తెల్ల రక్తకణాలు పడిపోయి మరణించారని, దాంతో చాలా దేశాల్లో దాని వాడకం ఆగిందని, ఇతర మందులకు లొంగని జబ్బులో అది బాగా పనిచేస్తుందని రుజువయ్యాక, 1989లో అమెరికా రక్తపరీక్షల షరతుతో దానికి అనుమతి ఇచ్చిందని ఆమె వివరించినప్పుడు అమ్మ చాలా భయపడింది. అయినా నిర్ణయం తమ్ముడిదేనని డాక్టరు గారు చెప్పారు. అతడు సరేనన్నాడు. మొదటి 18 వారాలు వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి రక్తం ఇవ్వాలన్న నియమాన్ని ల్యాబు వాళ్లు మాకంటే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు.

ఈ మందు రెండు రోజులకు మించి తప్పితే పాత మోతాదు నేరుగా వేయకూడదు, మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి. ఒకసారి స్టాకు అయిపోయినప్పుడు షాపు అన్న కాజీపేట నుంచి తెప్పించి, రాత్రి షాపు మూసేలోపు మా చేతిలో పెట్టారు. నేను ఊళ్లో లేనప్పుడు తమ్ముడికి జ్వరం, గొంతునొప్పి వస్తే, క్లోజపిన్ వాడేవారిలో అవి తెల్ల రక్తకణాలు పడిపోయిన గుర్తు కావచ్చని, మామూలు జలుబుగా తీసిపారేయకూడదని గుర్తుంచుకుని, పక్కింటి అక్క అదే పూట రక్తపరీక్ష చేయించింది. కణాలు సరిగ్గానే ఉన్నాయి. ఆ ఫోను వచ్చేదాకా నేను పడ్డ ఆందోళన ఆమెకు తెలుసు.

గొంతులు ఇప్పుడు చాలా తగ్గాయి. తమ్ముడు ఏనుమాముల మార్కెట్‌లో లెక్కలు రాసే పనికి తిరిగి వెళ్తున్నాడు. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నలుగురిలోకి రాలేకపోవడం వంటి వాటికి మందులు అంతగా పనిచేయవని డాక్టరు గారు ముందే చెప్పారు, అవి ఇంకా కొంత ఉన్నాయి. రాత్రిళ్లు చొల్లు కారుతుంది, పొద్దున మత్తు వదలడానికి సమయం పడుతుంది. బీడీ పొగ ఈ మందు ప్రభావాన్ని తగ్గిస్తుందని, ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు పెరిగిపోతుందని తెలిశాక, బీడీలు మానడం కూడా డాక్టరు గారికి చెప్పే మొదలుపెట్టాడు.

ఇదంతా చదివిన తమ్ముడు మలబద్ధకం సంగతి కూడా రాయమన్నాడు. క్లోజపిన్‌తో అది ప్రాణం మీదికి రాగలదట, చాలామంది సిగ్గుపడి డాక్టరుకు చెప్పరట. రోజూ అడగడం అమ్మ పని, నీళ్లు, జొన్న రొట్టె, ఆకుకూర పెట్టడమూ ఆమె పనే. అమ్మకు కూడా ఇక్కడే కృతజ్ఞతలు చెప్పమన్నాడు.