పాత డ్రోన్లకు దారి చూపండి: అమెరికా విమానయాన శాఖాధిపతికి బహిరంగ లేఖ

ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అధిపతి గారికి,

రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రతి డ్రోన్ తన గుర్తింపును, తానున్న చోటును రేడియో ద్వారా ప్రసారం చేయాలన్న రిమోట్ ఐడీ నిబంధన, 2024 మార్చి 16తో సడలింపు గడువు ముగిశాక, సొంతంగా సోల్డరింగ్ చేసి కూర్చుకున్న పాత డ్రోన్లను మూలన పడేస్తోంది. ఆ ప్రసారం చేసే చిన్న పరికరం, అంటే విడిగా దొరికే మాడ్యూల్, బిగించుకోవచ్చన్నది నిజమే. కానీ రిజిస్ట్రేషన్‌కు హద్దైన 250 గ్రాములు కాస్త దాటిన చిన్న ఫ్రేములో, బ్యాటరీ పట్టీకీ ప్రొపెల్లర్లకూ నడుమ, జీపీఎస్ సంకేతాలు సరిగా అందేలా దాన్ని ఎక్కడ అమర్చాలి? మాడ్యూల్ లేకుండా ఎగరేసుకునే ప్రత్యేక ప్రాంతాలకు సంఘాలూ విద్యాసంస్థలూ తప్ప వ్యక్తులు దరఖాస్తు చేసుకోలేరు. గుర్తింపు దాచుకోవాలన్న కోరిక మాకేమీ లేదు. కంటిచూపు మేరలో, తక్కువ ఎత్తులో ఎగిరే పాత డ్రోన్లకు మినహాయింపైనా ఇవ్వాలని, వ్యక్తులకు ఆ దరఖాస్తు హక్కైనా కల్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత డ్రోన్ యజమాని