కాశీ ప్రయాణం ముందు నాయినకు రాసిన ఉత్తరం

డల్లాస్

అమ్మకు, నాయినకు నమస్కారాలు.

కాశీకి విమానం టికెట్లు బుక్ చేశానని అన్న చెప్పినప్పటి నుంచి మనసు నిండుగా ఉంది. ఎన్నాళ్ల మొక్కో అది. అయితే నాయినా, నీ షుగర్ మందుల సంగతి ఫోన్‌లో మొదలుపెడితే "సరే బిడ్డా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. అద్దాలు పెట్టుకొని నిదానంగా చదువు.

మందులేవీ పెద్ద బ్యాగులో వేయొద్దు. కౌంటర్‌లో ఇచ్చాక అది మళ్లీ కాశీలోనే చేతికొస్తుంది. ఒక్కోసారి రానే రాదు. ఇక్కడ నా స్నేహితురాలు విమానంలో పక్క రాష్ట్రానికి పోతే బ్యాగు మరునాడు వచ్చింది. ఆమె బీపీ గోలీలన్నీ అందులోనే ఉండిపోయాయి. పైగా కింద సామాను పెట్టేచోట చలికి ఇన్సులిన్ గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. ఇన్సులిన్ పెన్నులు, సూదులు, షుగర్ చూసే మిషన్, డాక్టరు చీటీ అన్నీ చేతిసంచిలో ఒకే కవర్‌లో పెట్టుకో. గోలీలు స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోసుకుంటావు కదా, ఈసారి వద్దు, మందు పేరు కనపడాలి. శంషాబాద్‌లో తనిఖీ దగ్గర వాళ్లు అడగకముందే "ఇన్సులిన్ ఉంది" అని చెప్పు. మొహమాటపడే పని కాదు, రోజూ ఎంతోమంది తీసుకుపోతారు. తనిఖీ మిషన్‌లోంచి పోయినా మందుకేమీ కాదు.

అమ్మా, నీ థైరాయిడ్, బీపీ గోలీలు కూడా అంతే. మామిడి తొక్కు మాత్రం పెద్ద బ్యాగులో పెట్టు, చేతిలో ఉంటే ఆపుతారు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ ఒక్కటే. ఆ రోజు తెల్లవారకముందే నల్లగొండలో బయలుదేరతారు. ఇంట్లో సూది వేసుకొని, నార్కట్‌పల్లి దాటాక చౌటుప్పల్‌లో టిఫిన్ చేద్దాంలే అనుకోవద్దు. పెద్ద అంబర్‌పేట దాకా రోడ్డు ఎలా ఉంటుందో తెలిసిందే. సూది పడ్డాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. విమానంలో అయినా అంతే, తిండి కళ్ల ముందుకు వచ్చాకే సూది. ఆ పూట డోసు ఎలాగో ముందే డాక్టరును అడుగు. అమ్మా, నాయినకు చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా ఎవరి కోసమూ చూడకు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించు. పావుగంట తర్వాత మిషన్‌తో చూడు, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగించు. చక్కెర పొట్లం నీ పర్సులోనే ఉండాలి, పైన సామాన్ల అరలో కాదు.

ఇంకొకటి. పెన్నుకు సూది బిగించి ఉంచొద్దు. పైకి పోయినప్పుడు గాలి ఒత్తిడి మారి లోపల బుడగలు వస్తాయి. దిగాక కొత్త సూది పెట్టి, ముందు 2 యూనిట్లు బయటికి వదిలి, అప్పుడు నీ డోసు వేసుకో.

కాశీలో గదికి ఫ్రిజ్ ఉందో లేదో అన్నతో ముందే కనుక్కోమను. తెరవని పెన్నులకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. వాడుతున్నది చాలా రకాల్లో 30 డిగ్రీలు దాటని నీడలో నాలుగు వారాల దాకా ఉంటుంది. ఫ్రిజ్ లేకుంటే మట్టి కుండ కొనండి. పెన్ను తడవకుండా కవర్‌లో చుట్టి, చిన్న కుండలో పెట్టి, దాన్ని నీళ్లు పోసిన పెద్ద కుండలో ఉంచి తడిగుడ్డ కప్పండి. ఐసు మీద మాత్రం నేరుగా పెట్టొద్దు.

రేపే గడియారం సెంటర్‌కు పోయి, ప్రయాణానికి సరిపడా కాక ఇంకో వారానికి కూడా మందులు తెచ్చుకో. బిల్లు పారేయకు. చీటీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయమని అన్నకు చెప్పు.

మీ బిడ్డ