అడంగల్ ఏమన్నా బ్రహ్మవిద్యా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న పంట రుణం పని మీద నాన్నతో కలిసి ఒక ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లాను. చేతికిచ్చిన అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే రెవెన్యూ రికార్డు) నకలులో పైన ‘ఫసలీ 1434’ అని ఉంది. ఇదేం లెక్కండీ అని నాన్న అడిగితే, అక్కడున్నాయన తలెత్తకుండానే ‘అదంతా బ్రహ్మవిద్యలే పెద్దాయనా, మీకెందుకు’ అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ పొలం చేస్తున్న మనిషి మారు మాట్లాడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

బ్రహ్మవిద్య అంటే బ్రహ్మాన్ని తెలుసుకునే విద్య. గీతలో ప్రతి అధ్యాయం చివర ‘బ్రహ్మవిద్యాయాం యోగశాస్త్రే’ అని చదువుతాం, ఆ మాటే. గురువు దగ్గర కూర్చుంటే తప్ప అబ్బని చదువు కాబట్టి, జనం నోట్లో పడేసరికి మామూలు వాళ్లకు అంతుపట్టనిదల్లా బ్రహ్మవిద్య అయిపోయింది. కానీ ముండకోపనిషత్తులో బ్రహ్మ తన పెద్దకొడుకు అథర్వుడికి చెప్పిన ఈ విద్య ఒకరి నుంచి ఒకరికి వచ్చి అంగిరసుడి దాకా చేరాక, శౌనకుడనే గృహస్థు ఆయన దగ్గరికి వెళ్లి, దేన్ని తెలుసుకుంటే అంతా తెలిసినట్టవుతుంది అని అడుగుతాడు. నీకెందుకు అనలేదు అంగిరసుడు, కూర్చోబెట్టి చెప్పాడు. అసలు బ్రహ్మవిద్యకే లేని దాపరికం అడంగల్‌కెందుకండీ?

ఫసల్ అంటే పంటకాలం, అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఫసలీ అంటే ఆ లెక్కన నడిచే రెవెన్యూ ఏడాది. 1434కి 590 కలిపితే 2024, ఆ జూలైలో మొదలై మరుసటి జూన్‌తో అయిపోయే ఏడాది. అడంగల్ తమిళం నుంచి వచ్చింది, వివరాలన్నీ అందులో అడంగి, అంటే ఇమిడి ఉంటాయని. ఇదే రికార్డుకు తెలంగాణలో వాడే పహాణీ మరాఠీ మాట, చూడటం అని అర్థం. పొలం చూసి రాసింది పహాణీ. ఇంటికొచ్చి ఫసలీ లెక్క చెప్పగానే నాన్న ‘ఓస్, అంటే ఆ ఏడు సార్వా, దాళ్వా రెండూ కలిపేగా’ అన్నారు. అర నిమిషం కూడా పట్టలేదు.

రెవెన్యూ శాఖ ప్రతి నకలు వెనక ఈ మాటల అర్థాలు నాలుగు లైన్లలో తెలుగులో అచ్చేయించాలి. అంతవరకు మీరైనా వ్యవసాయం పేజీలో రోజుకో మాట చొప్పున వివరించండి, మా ఊళ్లో పేపరు చదివి వినిపించే బాధ్యత నాది.

— ఒక రైతు కొడుకు