కెనాల్ కడిగే పద్ధతుల్లో ఏది నయం: మన దంతవైద్యుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఏడాది గడిచింది, సెక్రటరీని కాబట్టి నివేదిక రాయక తప్పదు. ఎన్ని మీటింగులు పెట్టాం, ఎంతమంది వచ్చారు అని రాసి పంపితే మీరు చదవరని నాకు తెలుసు, అందుకే ఈసారి జరిగిన పని గురించే రాస్తున్నా. లెక్కలు ట్రెజరర్ గారు విడిగా పంపుతున్నారు, వాటిలో డౌట్లుంటే ఆయన్నే పట్టుకోండి. సభ్యత్వం రెన్యూ చేయనివాళ్ళు కూడా ఆయనకే చెప్పాలి.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో అయిన గొడవ గుర్తుండే ఉంటుంది. సంఘం తరఫున అల్ట్రాసానిక్ యూనిట్ (కెనాల్లోని ద్రావణాన్ని కంపనాలతో కదిలించే యంత్రం) ఒకటి కొని అందరం వంతులేసుకుని వాడుకుందామని కొందరు, ఇన్నేళ్ళూ సిరంజితోనే కడిగాం మన కేసులు మానలేదా ఏంటి అని ఇంకొందరు. ఎటూ తేలక చివరికి ఏడాదంతా ఒకే టాపిక్ పెట్టుకుందాం అనుకున్నాం: రూట్ కెనాల్ చేసేటప్పుడు ఏ పద్ధతిలో కడిగితే వేరు చివర ఉన్న ఇన్ఫెక్షన్ బాగా మానుతుంది. మానడం అంటున్నా చూడండి, శుభ్రపడడం అనట్లేదు. ఏడాదంతా మన వాదనలన్నీ ఈ రెంటి మధ్యే నడిచాయి.

కొత్తగా చేరిన పిల్లల కోసం మొదటి మీటింగ్‌లో బేసిక్స్ చెప్పుకున్నాం, సీనియర్లు కూడా కూర్చుని విన్నారు, సంతోషం. 1965లో కకెహాషి వాళ్ళు చేసిన ఎలుకల ప్రయోగం దగ్గర మొదలుపెట్టాం. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల పళ్ళలో పల్ప్ (పంటి లోపలి మెత్తటి కణజాలం) తెరిచి వదిలేసినా వేరు చివర ఇన్ఫెక్షన్ రాలేదు, మామూలు ఎలుకలకి మాత్రం పల్ప్ చచ్చిపోయి చీము గడ్డలు కట్టాయి. అంటే మన శత్రువు బ్యాక్టీరియా, ఫైల్ పట్టుకుని మనం ఎంత గీకినా అది పోకపోతే పని కానట్టే. గీకడం సంగతేమో 2001లో పీటర్స్ బృందం మైక్రో సీటీలో కొలిచి చూపించింది, ఏ రకం ఫైల్ వాడినా కెనాల్ గోడల్లో 35 శాతం లేదా అంతకంటే ఎక్కువే ఫైల్ తగలకుండా మిగిలిపోయిందట. కింది దవడ మోలార్‌లో ముందు వేరు తీసుకోండి, రెండు కెనాళ్ళ మధ్య సన్నటి చీలికలాగా ఇస్త్మస్ ఉంటుంది, అందులోకి ఏ ఫైలూ పోదు, పోతే ద్రావణమే పోవాలి. మనం ఇరిగేషన్ (కెనాల్ కడగడం) మీద ఏడాది పెట్టింది ఇందుకే.

ద్రావణాల గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. హైపో (సోడియం హైపోక్లోరైట్) చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది, బ్యాక్టీరియాని చంపుతుంది, గీకినప్పుడు గోడకి అంటుకునే పొర, అంటే స్మియర్ లేయర్‌లోని ఖనిజ భాగాన్ని మాత్రం ఏమీ చేయలేదు, దానికి 17 శాతం ఈడీటీఏ ఒక నిమిషం చాలు, ఎక్కువసేపు ఉంచితే కెనాల్ గోడ అయిన డెంటిన్‌నే తినేస్తుంది. రెండూ కెనాల్లో కలవనివ్వకండి, ఈడీటీఏ తగిలితే హైపోలో పనిచేసే క్లోరిన్ పడిపోతుంది. బ్యాక్టీరియాని చంపే ఇంకో ద్రావణం క్లోర్‌హెక్సిడిన్ హైపోతో కలిస్తే గోధుమరంగు మడ్డి కడుతుంది, మధ్యలో సెలైన్‌తో కడిగి పేపర్ పాయింట్‌తో ఆరబెట్టాల్సిందే. ఇది చెప్పినప్పుడు వెనక వరసలో ఒకాయన "ఆ మడ్డి నేను చూశాను, రక్తం అనుకున్నాను" అన్నారు, అందరం నవ్వాం గానీ ఇంకెంతమంది అలా అనుకున్నారో మరి.

ఇక ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చింది రెండో మీటింగ్‌లో పెట్టిన డెమో. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్రైనింగ్ బ్లాకులు తీసుకుని, చివర మైనంతో మూసి, లోపల రంగునీళ్ళు నింపాం. మూయడం దేనికంటే నోట్లో పన్ను చుట్టూ ఎముక ఉంటుంది, చివర తెరిచి గాల్లో పెట్టినట్టు ఉండదు. 30 గేజ్ సైడ్ వెంట్ (పక్కన చిల్లు ఉండే) సూదితో మామూలు నీళ్ళు ఎక్కించాం. సూది చివరకి 3 మిల్లీమీటర్ల పైన ఆపినప్పుడు పైన రంగంతా పోయింది, అడుగున రంగు మాత్రం కదల్లేదు, సిరంజి ఖాళీ అయ్యేదాకా నొక్కినా అంతే. అడుగున చిన్న గాలి బుడగ కూడా ఇరుక్కుని కనిపించింది, పుస్తకాల్లో వేపర్ లాక్ అని చదువుతాం కదా అదే. సూదిని ఇంకా దించి చివరకి 1 మిల్లీమీటర్ దాకా తీసుకెళ్ళాక అదే నీళ్ళతో, అదే చేత్తో క్షణాల్లో అడుగుదాకా తేటపడింది. సైడ్ వెంట్ సూది నీళ్ళు దాని మొన దాటి సుమారు ఒక మిల్లీమీటరే పోతాయని చదవడం వేరు, కళ్ళతో చూడడం వేరు.

అక్కడే అసలు ప్రశ్న వచ్చింది. 30 గేజ్ సూది బయటి మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు. 20 సైజు ఫైల్‌తో ఆపేసిన కెనాల్ చివర 0.20 మిల్లీమీటర్లే ఉంటుంది, మరి సూది అక్కడికి ఎలా దిగుతుంది? దిగదు. మనలో చాలామంది సూది ఆగిన చోటల్లా "కిందిదాకా పోయింది" అనుకుంటున్నాం. సూదికి రబ్బర్ స్టాపర్ పెట్టి కొలత చూసుకునేవాళ్ళు చేతులెత్తండి అంటే లేచిన చేతులు తక్కువే, ఫైల్‌కి మాత్రం అందరం పెడతాం. యంత్రం కొనాలా వద్దా అనే గొడవ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం, కమిటీలో కూడా ఎవరూ కాదనలేదు.

తర్వాత పద్ధతులు ఒక్కొక్కటీ చూశాం. ఖర్చులేనిది జీపీ కోన్‌తో (కెనాల్ నింపడానికి వాడే గట్టాపెర్చా పుల్ల) చేత్తో ఆడించడం, కెనాల్‌కి సరిగ్గా సరిపోయే కోన్‌ని 2-3 మిల్లీమీటర్ల మేర నిమిషానికి వంద సార్ల లెక్కన పైకీ కిందికీ ఆడించాలి. బ్లాకులో గాలి బుడగ దీంతో చక్కగా పోయింది గానీ నాలుగు కెనాళ్ళ మోలార్‌కి చేస్తే మణికట్టు పట్టేస్తుంది. సోనిక్ దాంట్లో మొన ప్లాస్టిక్‌ది, గోడకి తగిలినా కోయదు, వంపు కెనాళ్ళలో కొత్తవాళ్ళకి భయం ఉండదు, కాకపోతే అల్ట్రాసానిక్‌తో పోలిస్తే కంపన వేగం చాలా తక్కువ. అల్ట్రాసానిక్ 25 నుంచి 30 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, సన్న స్టీల్ మొన చుట్టూ ద్రావణం సుళ్ళు తిరుగుతుంది. దానికో చిక్కుంది, మొన గోడకి తగిలితే ఆ బలం చచ్చిపోతుంది, గట్టిగా తగిలితే గోడకి గాటు పడుతుంది. పాసివ్ అని పేరు పెట్టారు గానీ పాసివ్ ఏమీ కాదు. 20 సెకన్ల చొప్పున మూడు సార్లు, ప్రతిసారీ తాజా హైపో వేసి చేయమన్నారు, ఆ తాజాగా వేయడమే చాలామంది మర్చిపోయేది, ఎందుకంటే కణజాలంతో తగిలిన హైపో బలం ఖర్చయిపోతూ ఉంటుంది.

నెగటివ్ ప్రెషర్ పద్ధతి ఇంకో రకం, ద్రావణం పైన పోస్తాం, సన్నటి గొట్టం చివరిదాకా దించి కింద నుంచి లాగుతాం. నెట్టడం ఉండదు కాబట్టి హైపో ఎపెక్స్ (వేరు కొన) దాటి బయటికి పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. అయితే కెనాల్ కనీసం 35 సైజు దాకా తెరవాలి, గొట్టానికి ఉండే సన్న చిల్లులు ముక్కలతో ఊరికే మూసుకుపోతాయి. మనం చూసిన రోజున కూడా మధ్యలో మూసుకుపోయింది, డెమో చేస్తున్న డాక్టర్ గారి ముఖం చూడాల్సింది.

సరే, మరి మానడం సంగతి? తీసేసిన పళ్ళ మీద ల్యాబ్‌లో చేసిన పరిశోధనలన్నీ ముందేసుకుంటే అల్ట్రాసానిక్‌దే పైచేయి, ముఖ్యంగా ఇస్త్మస్‌లో మిగిలే చెత్త సిరంజి కంటే బాగా తక్కువ. కానీ అలకగానే పండగ కాదు కదా. పేషెంట్ల మీద చేసినవి చూస్తే సీన్ మారిపోతుంది. 2012లో కొక్రేన్ సమీక్ష (వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి బేరీజు వేసేది) ద్రావణాల గురించి తేల్చింది ఏంటంటే ఏది మేలో చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవని. 2013లో లియాంగ్ బృందం ఒకే వేరున్న పళ్ళలో, వేరు చివర గాయం ఉన్న కేసుల్లో సిరంజికీ అల్ట్రాసానిక్‌కీ పోటీ పెట్టి సుమారు ఏడాది తర్వాత సీబీసీటీ (త్రీడీ స్కాన్) తీసి చూసింది, గాయం పోయినవీ తగ్గినవీ కలిపి అల్ట్రాసానిక్‌లో 95.1 శాతం, సిరంజిలో 88.4 శాతం, గణాంకాల ప్రకారం అది తేడా కింద లెక్కకు రాదు.

దీని మీద జరిగిన వాదన ఇక్కడ రాయాల్సిందే. "లెక్కకు రాదు అంటే ఎలా సార్, ఆరేడు శాతం అంటే వందమందిలో ఆరేడుగురు పేషెంట్లు కదా" అని ఒక జూనియర్ డాక్టరమ్మ అడిగింది. మంచి ప్రశ్న. కాకపోతే ఆ స్టడీలో ఒక్కో గుంపులో చివరికి మిగిలిన పళ్ళు నలభై చిల్లర, రెండు మూడు పళ్ళు అటూ ఇటూ అయితే శాతం మొత్తం మారిపోతుంది. అలాగని తేడా లేదని రుజువైనట్టూ కాదు, ఆ సైజు స్టడీతో తేల్చలేం అంతే. పైగా ఒకే వేరున్న పళ్ళు కెనాల్ తిన్నగా ఉండేవి, వాటిల్లో సూది సరిగ్గా దిగితే సిరంజే బాగా కడుగుతుంది. యంత్రం సత్తా తెలియాలంటే ఇస్త్మస్ ఉన్న మోలార్లలో చూడాలి. నా మటుకు నాకు ఆ అమ్మాయి అడిగిన దాంట్లో సగం నిజం ఉంది, సగానికి జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు.

హైపో ఎంత గాఢంగా ఉండాలి అనే దాని మీద కూడా ఇలాంటి కథే. 2019లో వచ్చిన ఒక ట్రయల్‌లో కింది మోలార్లలో 1 శాతం హైపోకి 72 శాతం, 5 శాతం హైపోకి 81 శాతం విజయం వచ్చింది, ఇదీ గణాంకాల్లో తేడాగా నిలబడలేదు. 2011లో లండన్ నుంచి వచ్చిన పెద్ద ఫాలోఅప్ స్టడీలో మాత్రం హైపోకి తోడు ఈడీటీఏ వాడిన రీట్రీట్‌మెంట్ (రెండోసారి రూట్ కెనాల్) కేసులు బాగా మానాయి, క్లోర్‌హెక్సిడిన్ అదనంగా వాడినవి తక్కువ మానాయి. అది చదివాక మనలో కొందరు క్లోర్‌హెక్సిడిన్ బాటిల్ పక్కన పెట్టేశారు. నొప్పి విషయంలో మాత్రం ద్రావణాన్ని కదిలించే పద్ధతులకీ నెగటివ్ ప్రెషర్‌కీ కొంచెం మార్కులు పడ్డాయి, మొదటి రోజుల్లో నొప్పి తక్కువని కొన్ని ట్రయల్స్‌లో వచ్చింది. పేషెంట్‌కి అదీ ముఖ్యమే, కాకపోతే రెండో రోజు నొప్పి లేకపోవడం, ఏడాదికి ఎముక పూడడం ఒకటి కాదు.

సేఫ్టీ మీద ఒక సాయంత్రం పెట్టాం. హైపో ఎపెక్స్ దాటితే ఏమవుతుందో అందరికీ తెలుసు, పేషెంట్ ఒక్కసారిగా అరుస్తాడు, నిమిషాల్లో ముఖం వాస్తుంది, కెనాల్లోంచి రక్తం కారుతుంది, తర్వాత చర్మం కమిలిపోతుంది. సూది ఇరుక్కున్నప్పుడు నొక్కడమే ఎక్కువసార్లు కారణం, అందుకే సూది ఎప్పుడూ వదులుగా, పైకీ కిందికీ కదులుతూ ఉండాలి, బొటనవేలితో కాకుండా చూపుడువేలితో నెమ్మదిగా నొక్కాలి. జరిగిపోతే ఆపేయండి, పేషెంట్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి, సెలైన్‌తో మెల్లగా కడగండి, మొదటి రోజు చల్లటి కాపడం, తర్వాత వెచ్చటి కాపడం, నొప్పికి మందు, రోజూ ఫోన్ చేసి కనుక్కోవడం. వాపు గొంతు వైపు దిగుతున్నా ఊపిరి ఇబ్బందిగా ఉన్నా వెంటనే హాస్పిటల్‌కి పంపాలి. రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ కట్టే రబ్బరు తెర) లేకుండా హైపో వాడేవాళ్ళ గురించి నేను రాయాలనుకున్నది ప్రెసిడెంట్ గారు కొట్టేశారు, మీరే ఊహించుకోండి.

ఇక నిర్ణయాలు. అల్ట్రాసానిక్ యూనిట్ ప్రస్తుతానికి కొనట్లేదు, చాలామంది దగ్గర స్కేలర్ (గార తీసే అల్ట్రాసానిక్ యంత్రం) ఎలాగూ ఉంది, దానికి సరిపోయే ఇరిగేషన్ టిప్పులు తెప్పిస్తున్నాం. అంతకంటే ముఖ్యంగా అందరం ఒకే రికార్డు షీటు వాడతాం: ఏ పన్ను, ఎంత శాతం హైపో, సూది ఎన్ని గేజ్, ఎంత లోతు దిగింది, చివర ఏ సైజు దాకా తెరిచాం, కదిలించామా లేదా, మొదలుపెట్టే ముందు ఎక్స్‌రేలో పీఏఐ స్కోరు (వేరు చివర గాయం ఎంతుందో చెప్పేది) 1 నుంచి 5 లో ఎంత. ఏడాది తర్వాత మళ్ళీ ఎక్స్‌రే, స్కోరు వేసేది చికిత్స చేసిన డాక్టర్ కాదు, ఇంకొకరు. గాయం తగ్గుతూ ఇంకా పోకపోతే నాలుగేళ్ళ దాకా చూద్దాం, అప్పుడే ఫెయిల్ అని రాయొద్దు. నొప్పి పోయిన పేషెంట్ రీకాల్‌కి రాడు, అది మనందరి బాధే, కాబట్టి క్రౌన్ పెట్టే రోజే ఏడాది తర్వాతి తేదీ రాసివ్వండి.

వచ్చే ఏడాది మోలార్లే మన టాపిక్. షీట్లు ఈ నెలాఖరుకల్లా జాయింట్ సెక్రటరీకి అందాలి. డెమోకి తెచ్చిన ప్లాస్టిక్ బ్లాకుల్లో కొన్ని వెనక్కి రాలేదు, ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు తర్వాతి మీటింగ్‌కి తెచ్చేయండి, కొత్త బ్యాచ్‌కి అవే కావాలి.