పుర్రె గుర్తు వెనుక చరిత్ర

సంపాదకులకు,

ఉక్రెయిన్ పట్టణం వుహ్లెదార్ వార్తలో ఆ దేశ సైన్యపు 72వ బ్రిగేడ్ పేరును మీరు ‘జపోరిజ్జియా నల్లదండు’ అని రాశారు. ‘నల్ల జపోరోజియన్లు’ అనాలి. ఆ మాట జపోరిజ్జియా నగరవాసులది కాదు, ద్నీపర్ నది రాళ్ల మీదుగా వడిగా దూకే చోట్లకు ఆవల బతికిన కొసాక్కులది (పాతకాలపు ఉక్రెయిన్ యోధులు). ఊరి పేరుతో కలిస్తే అర్థమే మారిపోతుంది.

ఈ దళం స్థావరం కీవ్ దక్షిణాన బీలా త్సెర్క్వా. మూలం 1943 నాటి సోవియట్ 72వ గార్డ్స్ డివిజన్. 2002లో బ్రిగేడ్‌గా కుదించారు. సోవియట్ బిరుదులు ఒక్కొక్కటే పోయాయి: 2015లో ‘క్రాస్నోగ్రాడ్’, 2016 ఆగస్టులో ‘గార్డ్స్’. 2017 ఆగస్టులో ఇప్పటి పేరు వచ్చింది. అది 1919–20 కాలంలో పెట్రో ద్యాచెంకో నడిపిన ఉక్రెయిన్ గుర్రపు దళానిది. వాళ్ల టోపీ మీంచి నల్లగుడ్డ తోకలా వేలాడేది; ‘ష్లిక్’ అంటారు, ‘నల్ల’ అన్నది అందుకే.

ఈ బ్రిగేడ్ భుజంపట్టీ మీది పుర్రె, ‘ఉక్రెయిన్ లేదా మరణం’ నినాదం కూడా ఆ గుర్రపు దళానివే. పుర్రె కనబడగానే నాజీ గుర్తనడం తొందరపాటు. 2022 మార్చిలో కీవ్ దగ్గరి మోష్చున్ గ్రామం వద్ద రష్యా సేనల నుంచి కీవ్‌ను కాచినవారిలో వీరూ ఉన్నారు.

– ఒక పాఠకుడు, విజయవాడ